దేవుడి పేరా

బేకరీ పైవాటా,
జూన్ మొదటివారం.

అర్ధమొగుడు గారికి,

ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు పెద్దలు. మీ అన్నయ్య పోయి నాలుగేళ్ళయినా నా మీద అజమాయిషీకి నువ్వొకదానివి మిగిలావు. అందుకే ఈ పిలుపు. కోపగించుకోకు.

కొత్త నవల పంపిస్తున్నాను. అట్ట మీద బొమ్మ చూసి నవ్వకు. బస్సు, బస్సు వెనక వెలుగు, ఆ వెలుగులోంచి ఒక చెయ్యి. ఆ చేతికి ఆరు వేళ్ళున్నాయని మొత్తుకున్నా ప్రచురణకర్త వినలేదు. దేవుడికి ఎన్ని వేళ్ళుంటాయో మీకు తెలుసా అండీ అన్నాడు. 'డిపోలో దేవుడు' అన్న పేరు కూడా ఆయన పెట్టిందే. దెయ్యాల పుస్తకాలు వానాకాలంలో అమ్ముడుపోతాయట, ప్రేమ పుస్తకాలు సెలవుల్లోనట, దేవుడి పుస్తకం మాత్రం ఏడాది పొడుగునా పోతుందట. "మీరు నమ్మక్కర్లేదు మేడం, మీ హీరోయిన్ నమ్మితే చాలు" అని నా చేత రాయించాడు.

నా సంగతి నీకు తెలియంది కాదు. దేవుడు ఉన్నాడంటే వాదించను, లేడంటే అప్పుడూ వాదించను. ఎదురుపడితే కుర్చీ వేస్తాను. అందాకా నా పని నాది.

కథ పెద్దదేం కాదు. ఒక బస్సు డ్రైవరమ్మ. మొగుడు పోతాడు. అప్పటిదాకా రోజూ దణ్ణం పెట్టుకుని బండి తీసే మనిషి, ఆ రోజు నుంచి మానేస్తుంది. చివరి అధ్యాయంలో డిపోలో ఖాళీ బస్సెక్కి తలుపు వేసుకుని కూర్చుంటుంది. దేవుడు బయట నిలబడి ఒక పేరా మాట్లాడతాడు. పుస్తకం మొత్తంలో ఆయన నోరు విప్పేది అక్కడొక్కచోటే.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. దీన్ని ఆడియో పుస్తకం చేస్తున్నారు. రైల్వే స్టేషన్లో ప్రకటనలు చదివే ఆవిడ చేత చదివిద్దామన్నారు. ఆవిడ చదివితే దేవుడు కూడా పావుగంట ఆలస్యంగా నడుస్తున్నట్టుంటాడు, మా ఆడపడుచు వృత్తే పుస్తకాలు చదవడం, ఆవిడే చదవాలి అని పట్టుబట్టాను. ఒప్పుకున్నారు. రికార్డింగ్ రోజుల్లో గొంతు దాచుకోవడానికి నువ్వు ఫోన్ కూడా ఎత్తవు కాబట్టి ఉత్తరమే దిక్కు.

జవాబు కోసం చూస్తూ,
వదిన

*

లాండ్రీ ఎదురు గది,
జూన్ చివర.

వదినకి,

పుస్తకం అందింది. చేతి వేళ్ళు లెక్కపెట్టాను. ఆరే.

స్టూడియోకి వెళ్ళే బస్సులో సగం చదివాను. గేరు మార్చినప్పుడల్లా మోకాలు పట్టుకుని, ఎవరూ చూడకుండా మొహం సర్దుకునే నీ డ్రైవరమ్మ నాకు బాగా నచ్చింది. దిగేటప్పుడు మా బస్సు డ్రైవర్ మోకాలి వైపు చూశాను. ఆయన నన్ను అదోలా చూశాడు. నవ్వొచ్చే చోట నవ్వాను, మా అన్నయ్య లాంటి మొగుడు పోయిన చోట పుస్తకం మూసి కిటికీలోంచి చూశాను. ఇంతవరకు బాగానే ఉంది.

చివరి అధ్యాయం చదివాక మాత్రం పుస్తకాన్ని కొన్నాళ్ళు ముట్టుకోలేదు. ఆ పేరా నా చేతిరాతలో ఎలా ఉంటుందో చూద్దామని ఇక్కడ రాస్తున్నాను:

"ముందు నీళ్ళు తాగు. ఏడవాలనుంటే ఏడువు, నేనెక్కడికీ పోవడం లేదు. నువ్వు చేయాల్సిందంతా చేశావు, ఇంక నిన్ను నువ్వు తినెయ్యకు. అతను భయపడలేదు. నేను పక్కనే ఉన్నాను, చెయ్యి పట్టుకునే ఉన్నాను. నీకెప్పుడు తియ్యాలనిపిస్తే అప్పుడే తలుపు తియ్యి. నేనిక్కడే కూర్చుంటాను."

కడుపు మండింది వదినా. దాచడం దేనికి.

నేను ఊహ తెలిసినప్పటి నుంచీ పొద్దున్న లేవగానే మంచం అంచున కూర్చుని కళ్ళు మూసుకునేదాన్ని. ఇప్పటికీ అంతే. నువ్వూ చూశావు, కాఫీ చల్లారిపోతోందని ఎన్నిసార్లు కేకేశావో. ఇన్నేళ్ళలో దేవుడి నుంచి ఒక్క పలుకు లేదు. పెద్దాయన, పనులుంటాయి, మన వంతు రావాలి అనుకుని సరిపెట్టుకున్నాను. ఇప్పుడు చూస్తే తిన్నగా నీ బల్ల దగ్గరికొచ్చి పేరాకి పేరా చెప్పి రాయించి వెళ్ళాడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగీ అడిగీ నా నోరు పడిపోయింది, అడగని నీకు వడ్డించాడు.

ఇవి కల్పించి రాసే మాటలు కావు. పుస్తకాలు చదివి బతికేదాన్ని, కల్పించిందేదో విన్నదేదో నాలుక మీద పెట్టుకుంటే తెలిసిపోతుంది. ఎక్కడివి నీకు ఈ మాటలు?

ఆడపడుచు

*

బేకరీ పైవాటా,
జులై.

అమ్మా తల్లీ,

ఎక్కడివంటే ఏం చెప్పను? కింద పిండి కలిపే మిషన్ గిరగిరా తిరుగుతోంది, పైన నా పెన్ను కూడా తిరిగింది. దేవుడు నా బల్ల దగ్గరికి రావాలంటే ముందు బేకరీ వాసన దాటుకుని రావాలి. ఆ వాసన దాటి ఇంతవరకు పోస్టుమాన్ కూడా తిన్నగా పైకి రాలేదు.

నువ్వు కుళ్ళుకుంటున్నావని చదివి, నిజం చెప్పనా, ఆ పూట తృప్తిగా భోంచేశాను. పెళ్ళై వచ్చిన నాటి నుంచీ నీ మీద నాకున్న కుళ్ళు నీకేం తెలుసు? మీ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఒకళ్ళ జోకు సగంలో ఉండగానే ఇంకొకళ్ళు నవ్వేవాళ్ళు. నాకు ఆ సగం ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. ఆ పైన నీకు పొద్దున్నే కూర్చోవడానికి ఒక చోటుంది, నాకు లేవడమొక్కటే ఉంది. మీ అన్నయ్య పోయాక నువ్వు ఎవరినో ఒకరిని తిట్టుకోగలిగావు. నేను ఎవర్ని తిట్టాలి, డాక్టర్నా?

ఇక ఆ పేరా ఎక్కడిదని మళ్ళీ అడక్కు. రాసేవాళ్ళని అడగకూడని ప్రశ్న అది. రికార్డింగ్ ఎందాకా వచ్చింది?

వదిన

*

లాండ్రీ ఎదురు గది,
ఆగస్టు.

వదినకి,

అడక్కు అన్నావు కాబట్టి అడగను.

రికార్డింగ్ అయిపోయింది. గొంతు బొంగురుపోయింది. గాజు గదిలో ఫ్యాన్ వెయ్యనివ్వరు, చేతికి వాచీ ఉండనివ్వరు, కడుపులో గుర్రుమన్నా మైకు పట్టేస్తుంది. డ్రైవరమ్మ గొంతు కోసం కొంచెం ముక్కుతో మాట్లాడాను. ప్రచురణ వాళ్ళు విని బాగుందన్నారు.

నువ్వు కూడా విను. నచ్చకపోతే నచ్చలేదని రాయి.

ఆడపడుచు

*

బేకరీ పైవాటా,
అక్టోబరు.

ఆడపడుచుకి,

విన్నాను. అందరూ విన్నాక విన్నాను, అదీ నా తెలివి. నా పుస్తకం నేను వినడమేంటి, తెలిసిందే కదా అని బద్ధకించాను.

ముందు ఉత్తరాలు రావడం మొదలుపెట్టాయి. ఒక లారీ డ్రైవరట, చివరి అధ్యాయం వస్తుంటే బండి పక్కకి ఆపేశాడట. "దేవుడు ఏమీ మాట్లాడకుండా నిలబడిన ఆ చోటు ఉంది చూశారూ మేడం, అది రాసిన చేతికి దణ్ణం" అని రాశాడు. ఇదేంట్రా, మా దేవుడు మాట్లాడాడు కదా అనుకున్నాను. ఈయన సగం నిద్రలో విన్నాడేమోలే అని పక్కన పెట్టాను. తర్వాత ఒక నర్సు రాసింది. ఆ తర్వాత ఒక కాలేజీ లెక్చరర్ నాలుగు పేజీలు రాశాడు, అన్నీ ఆ మౌనం గురించే. "తెలియదు అని నిజాయితీగా ఒప్పుకున్న రచయిత్రి" అని మెచ్చుకున్నాడు.

అప్పుడు పెట్టుకుని విన్నాను. డ్రైవరమ్మ తలుపు వేసుకుంది. "దేవుడు అన్నాడు" అని చదివావు. ఆ పైన ఏమీ లేదు. ఊపిరి తీసుకోవడం, వదలడం. అంతే. పేరా చదివితే ఎంతసేపు పడుతుందో అంతసేపు కూర్చుని, తర్వాత వాక్యం అందుకున్నావు.

ప్రచురణ ఆఫీసుకి ఫోన్ చేశాను. పుస్తకం పక్కన పెట్టుకుని సరిచూసే అమ్మాయి ఏమందో తెలుసా? "గమనించాను మేడం. మీరూ ఆవిడా ఒకింటివాళ్ళు కదా, మీరే అలా చదవమని ఉంటారనుకున్నాను." సౌండాయన్ని అడిగితే, "ఆవిడ ఏడుపు ఆపుకుంటున్నారనుకుని కత్తిరించలేదండీ" అన్నాడు. మనం చుట్టాలం కావడం వల్ల ఎవరూ నోరెత్తలేదు.

నాకు మూడేళ్ళు పట్టింది ఆ పుస్తకానికి. నువ్వు నోరు మూసుకుని మార్కులన్నీ కొట్టేశావు. కుళ్ళుకుంటే కుళ్ళుకున్నావు, ఆ మాట నాతో అనేసి ఊరుకుంటే పోయేది. నా దేవుడి నోరు ఎందుకు నొక్కావు? ఈ నెలాఖరులోగా ఆ పేరా చదివి ఇవ్వకపోతే స్టేషన్ ఆవిడ చేత ఆ ఒక్క ముక్కా చదివించి అతికిస్తామంటున్నారు. ఆ తర్వాత నీకు మళ్ళీ పుస్తకం ఇవ్వరట. నేను ఆపలేను, ఆపను కూడా.

వదిన

*

లాండ్రీ ఎదురు గది,
అక్టోబరు.

వదినా,

కావాలనే చేశాను. నన్ను దులిపేశావుగా, ఇప్పుడు విను.

"దేవుడు అన్నాడు" వరకు చదివాను. నోరు తెరిచాను. రాలేదు. నేను ఎన్ని పుస్తకాలు చదవలేదు? హంతకులకి గొంతిచ్చాను, దెయ్యానికి ఇచ్చాను, ఒకసారి మాట్లాడే కుక్కకి కూడా ఇచ్చాను. ఏ రోజూ ఇది నా మాటా అని అడగలేదు. కానీ ఆయన నాతో ఒక్క ముక్క అని ఉంటే కదా, ఆయన ఎలా అంటాడో నేను చదివేది? ఎప్పుడూ వినని గొంతుని ఎలా తెచ్చిపెట్టుకోను? నాకు ఆయన దగ్గర దొరికింది ఏదో అదే మైకుకి ఇచ్చాను. అది మౌనమైతే ఆ తప్పు నాది కాదు.

ఇంకా ఉంది. అన్నయ్య పోయిన రోజు ఆసుపత్రిలో నువ్వు మందుల కౌంటర్ దగ్గర వరసలో ఉన్నావు. నేను మెట్ల మీద కూర్చున్నాను. గదిలో ఉండనివ్వమంటే ఉండనిచ్చేవాళ్ళే. కానీ అక్కడ ఆ మిషన్ల మోతలో ధ్యాస నిలవక, మెట్ల మీదకొచ్చి కళ్ళు మూసుకుని అడిగాను. జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ అడగలేదు. కళ్ళు తెరిచి పైకి వెళ్ళేసరికి దుప్పటి సర్దుతున్నారు. మా అన్నయ్య చెయ్యి పట్టుకోవాల్సిన సమయంలో నేను ఆ దేవుణ్ణి పట్టుకుని కూర్చున్నాను. ఇద్దరూ దొరకలేదు.

అలాంటిదాన్ని, నీ పుస్తకంలో "నేను పక్కనే ఉన్నాను, చెయ్యి పట్టుకునే ఉన్నాను" అని ఆయన అంటుంటే నేను చదవాలా? మొక్కింది నేను. మెట్ల మీద మోకాళ్ళు పట్టేసింది నాకు. జవాబు నీకా? ఏ రోజూ పిలవనిదానివి, ఎదురుపడితే కుర్చీ వేస్తానని వేళాకోళం చేసేదానివి, నీకు అతను భయపడలేదని చెప్పి వెళ్తాడా?

స్టేషన్ ఆవిడ చేత చదివించుకో. పుస్తకాలు రాకపోతే లాండ్రీలో ఇస్త్రీ పెట్టుకుంటాను.

*

బేకరీ పైవాటా,
నెలాఖరుకి ముందు.

తల్లీ,

నీ ఉత్తరం అందింది. చెప్పకూడదనుకున్నది ఇప్పుడు చెప్పాలి.

ఆ మాటలు నీవే.

మీ అన్నయ్యని సాగనంపి అందరూ వెళ్ళిపోయాక నేను గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను, గుర్తుందా? అన్నం వద్దన్నాను, ఎవరు పిలిచినా పలకలేదు. మధ్యాహ్నం నువ్వొచ్చి తలుపుకి అవతల కింద కూర్చున్నావు. చీర కుచ్చిళ్ళు తలుపు సందులోంచి కనపడుతూనే ఉన్నాయి. చాలాసేపటికి మాట్లాడావు. ముందు నీళ్ళు తాగు అన్నావు. ఏడవాలనుంటే ఏడువు, నేనెక్కడికీ పోవడం లేదన్నావు. అతను భయపడలేదు, నేను పక్కనే ఉన్నాను, చెయ్యి పట్టుకునే ఉన్నానన్నావు. సాయంత్రం నేను తలుపు తీసేసరికి అక్కడే ఉన్నావు, కళ్ళు వాచిపోయి. ఆ మాటల మీదే నేను ఈ నాలుగేళ్ళూ లాక్కొచ్చాను.

దేవుడి చేత మాట్లాడించాల్సి వచ్చినప్పుడు నాకేం తెలుసు ఆయన ఎలా మాట్లాడతాడో? తలుపు అవతల నుంచి మంచిమాట చెప్పిన మనిషి నాకు తెలిసి నువ్వొక్కదానివే. ఉన్నదున్నట్టు దించేశాను, ఒక్క అక్షరం మార్చలేదు. నువ్వు ఎక్కడివని అడిగినప్పుడు చెప్పడానికి నామోషీ వేసింది. ఇన్ని పుస్తకాలు రాసినదాన్ని, అన్నిట్లోకీ బాగున్న ఒక్క పేరా ఆడపడుచుదని ఎలా ఒప్పుకోను? ఇప్పుడు జనం మెచ్చుకునే ఆ మౌనం కూడా నీదే. నా పుస్తకంలో నాకు ఆరువేళ్ళ చెయ్యి ఒక్కటే మిగిలింది.

నువ్వు మీ అన్నయ్య పక్కనే ఉన్నావని ఇన్నాళ్ళూ నమ్మాను. మెట్ల మీద ఉన్నావని మొన్నటి ఉత్తరం దాకా తెలియదు. పర్వాలేదు. నన్ను బతికించడానికి అబద్ధమాడావు. అంత మంచి అబద్ధం నేను ఏ నవల్లోనూ రాయలేదు. నాకు దేవుడితో పని పడలేదంటే అది నీ వల్లే.

కాబట్టి దేవుడు నా బల్ల దగ్గరికి రాలేదు. కుళ్ళు మానుకో. చదువుతావో మానుతావో నీ ఇష్టం. ఊరుకుంటే ఆ మౌనాన్నే ఉంచమని ఆఫీసులో నేను గొడవ పెట్టుకుంటాను. స్టేషన్ ఆవిడని మాత్రం ఆ తలుపు దగ్గరికి రానివ్వను.

నీ వదిన

*

లాండ్రీ ఎదురు గది,
నవంబరు.

వదినా,

నీ ఉత్తరం చదివితే ఊరట కలుగుతుందనుకుని ఉంటావు. నువ్వు నా నోటి దగ్గర కూడు లాగేశావు.

ఇన్నాళ్ళూ నీ మీద కుళ్ళుకున్నాను కదా, ఆ కుళ్ళులో ఒక ధీమా ఉండేది. నా గుమ్మం తొక్కకపోయినా నీ గుమ్మం తొక్కాడు, అంటే తిరుగుతూనే ఉన్నాడని. నువ్వు తీరిగ్గా రాశావు, వచ్చింది నువ్వేనే పిచ్చిదానా అని. ఇంక కుళ్ళుకోవడానికి కూడా ఎవరూ లేరు నాకు. కొన్నాళ్ళు పొద్దున్నే కూర్చోలేదు. లేచి మొహం కడుక్కుని తిన్నగా పనికి పోయాను, నీలాగా. కాఫీ వేడిగా తాగాను. నీ మీద ఒట్టు, కాఫీ వేడిగా ఉంటే ఏముందో నాకు తెలియలేదు.

నా మాటలే అయితే చదవడానికి భయమేంటని నెలాఖరుకి స్టూడియోకి వెళ్ళాను. సౌండాయన తలుపు వేశాడు. "ముందు నీళ్ళు తాగు" చదివాను, బాగానే వచ్చింది. "నేను పక్కనే ఉన్నాను" దగ్గర ఆగిపోయాను.

"మళ్ళీ తీసుకుందామా అమ్మా?" అన్నాడు అద్దం అవతల నుంచి.

"ఉండవయ్యా, కొంచెం ఆగు" అన్నాను.

వదినా, నేను ఆ తలుపు దగ్గర కూర్చున్న మాట నిజమే. గచ్చు చల్లగా తగలడం గుర్తుంది. కానీ నేను నిన్ను ఓదార్చడానికి రాలేదు. తలుపు వేసుకునే హక్కు నీ ఒక్కదానికేనా, నాకూ అన్న పోయాడు కదా, వచ్చినవాళ్ళందరికీ టీలు పెట్టడానికి నేనా, గడియ పెట్టుకోవడానికి నువ్వా అని దులిపేద్దామని వచ్చాను. పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. ఆ రోజు నా లోపల ఎవరికీ ఇవ్వడానికి ఒక్క మంచిమాట లేదు, వెతికినా లేదు. నీతో ఏదైనా అన్నట్టే నాకు గుర్తు లేదు. సాయంత్రం నువ్వు తలుపు తీసి నన్ను పట్టుకుని ఏడిస్తే, ఇదేంటి, నేనింకా తిట్టనే లేదు కదా అనుకున్నాను.

అబద్ధమాడానన్నావు. మెట్ల మీద కూర్చున్నందుకు నాలుగేళ్ళుగా నన్ను నేను కొరుక్కు తింటున్నాను. చెయ్యి పట్టుకుని ఉన్నానని నా నోటితో నేను ఎలా అంటాను? నీకు ధైర్యం చెప్పడానికైనా సరే, ఆ అబద్ధం నా గొంతు దాటదు. కానీ విన్నది నా గొంతే అంటున్నావు. కాదనను. గొంతు నాదే అయ్యుంటుంది. ఎవరో రాసింది పైకి చదవడమే కదా నా ఉద్యోగం.

నువ్వు దీన్ని ఏమంటావో తెలుసు. దుఃఖంలో మనిషికి తెలియకుండా మాటలు వస్తాయంటావు. అనుకో. నేను వాదించను.

రెండోసారి ఆగకుండా చదివేశాను. సౌండాయన బాగా వచ్చిందన్నాడు. ప్రచురణ వాళ్ళు మౌనం ఉంచుతారో పేరా ఉంచుతారో నువ్వే చూసుకో, నాకు రెండూ ఒకటే.

నాకు ఒక్కటే మింగుడుపడడం లేదు. అన్ని పొద్దుటిపూటలు ఎదురుచూసినదాన్ని నేను. ఆ మధ్యాహ్నం దేవుడు వచ్చాడు. నా నోరు తీసుకున్నాడు. నీకు చెప్పాల్సింది చెప్పాడు, నాకు వినపడకుండా వెళ్ళిపోయాడు. మాటలు నీకు, పళ్ళ నొప్పి నాకు.

ఇవాళ పొద్దున్న మళ్ళీ మంచం అంచున కూర్చున్నాను. కళ్ళు మూసుకోగానే నీ మీద కడుపుమంట మొదలైంది, ముందుకంటే ఎక్కువగా. హాయిగా ఉంది.

నీ ఆడపడుచు